ఫేకో: కంటిపొర తీసే అతిధ్వని పరికరం, రాయలసీమలో దానికి పరీక్ష

కంటి కటకం మసకబారి చూపు తగ్గడాన్ని వైద్యులు శుక్లం అంటారు. కర్నూలు, కడప పల్లెల్లో "కంట్లో పొరొచ్చింది" అంటారు. మసకబారిన ఆ కటకాన్ని అతిధ్వని వేగంతో కంపించే సన్నని బోలు సూదితో నలగగొట్టి, ద్రవంతో కలిపి బయటికి పీల్చేసే శస్త్రచికిత్స పేరు ఫేకో ఎమల్సిఫికేషన్, వాడుకలో ఫేకో. ఇందుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల కోత చాలు. మామూలుగా కుట్టు పడదు. మడతపెట్టిన కృత్రిమ కటకాన్ని అదే కోతలోంచి లోపలికి పంపితే, పాత కటకం ఉన్న సంచిలోనే విచ్చుకుని కూర్చుంటుంది. రోగులు దీన్ని ఎక్కువగా "లేజర్ ఆపరేషన్" అనుకుంటారు గాని, మామూలు ఫేకోలో ఏ కాంతి కిరణమూ లేదు. పని చేసేది కంపనం, నీరు, పీల్చే ఒత్తిడి, ఈ మూడే.

ఈ మూడింటిలో ప్రతి ఒక్కటీ కంటిని బాగుచేయగలదు, పాడుచేయగలదు కూడా. గత 50 ఏళ్ళకు పైగా ఫేకో పరికరాల రూపకల్పన అంతా ఆ రెండో అవకాశాన్ని తగ్గించే ప్రయత్నమే. రాయలసీమ వంటి మెట్ట ప్రాంతంలో ఈ ప్రయత్నానికి కఠినమైన పరీక్ష ఎదురవుతుంది. ఇక్కడ ఆపరేషన్ బల్ల మీదికి వచ్చే కళ్ళలో చాలా వాటిలో కటకం అప్పటికే గట్టిపడి ఉంటుంది.

సీమలో పొర ఎందుకు ముదురుతుంది

శుక్లానికి ప్రధాన కారణం వయసు. దానికి తోడు మధుమేహం, పొగతాగడం, స్టెరాయిడ్ మందులు, కంటి దెబ్బలు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు కారణమవుతాయి. అమెరికాలోని మేరీలాండ్ తీరంలో చేపలు, పీతలు పట్టేవాళ్ళ మీద జరిపిన అధ్యయనం 1988లో ఎండకూ శుక్లానికీ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా చూపించింది. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప ప్రాంతంలో బతుకంతా ఆరుబయటే. వేరుశనగ, పత్తి చేలల్లో కూలీ, గొర్రెల వెంట తిరగడం, బేతంచర్ల దగ్గర నాపరాళ్ళ గనుల్లో పని, ఏదైనా సరే నెత్తిన ఎండే. రాతి మీద పడిన వెలుగు తిరిగి కంటిలోకే కొడుతుంది. రాతి పెచ్చు ఎగిరి కంటికి తగిలితే నడివయసులోనే పొర రావచ్చు.

అయితే ఎండకంటే ఎక్కువ కీడు చేసేది ఆలస్యం. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి ఏటా వేలమంది సుగ్గికి, అంటే పంట కోతల కూలికి, గుంటూరు వైపు పోతారు. మిరపకాయలు, పత్తి కోసే రోజుల్లో కంటి సంగతి ఎవరూ ఎత్తరు. ఇంటి దగ్గర మిగిలిన ముసలివాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోయే మనిషి ఉండడు. సుగ్గి నుంచి తిరిగొచ్చేసరికి ఎండలు ముదురుతాయి, "ఎండాకాలంలో కంటి ఆపరేషన్ వద్దు" అనే మాట అడ్డొస్తుంది. నేటి ఆపరేషన్‌కు ఏ కాలమైనా ఒకటే అన్న సంగతి పల్లె దాకా ఇంకా చేరలేదు.

వీటన్నిటికంటే లోతుగా పాతుకుపోయిన నమ్మకం మరొకటి ఉంది: పొర బాగా పండాకే తీయించుకోవాలని. ఇది అజ్ఞానం కాదు, ఒకనాటి వైద్యులు చెప్పిన మాటే. కటకాన్ని సంచితో సహా పెకలించి తీసే పాత పద్ధతిలో 10, 12 మిల్లీమీటర్ల కోత పెట్టేవారు. లోపల కృత్రిమ కటకం పెట్టేవారు కాదు. ఆపరేషన్ తర్వాత దళసరి సోడాబుడ్డి కళ్ళద్దాలే గతి. అలాంటప్పుడు పూర్తిగా చూపు పోయేదాకా ఆగడమే తెలివైన పని. ఫేకో లెక్క సరిగ్గా దీనికి తలకిందులు. పొర లేతగా ఉండగా వస్తే తక్కువ కంపనంతో, తక్కువ సమయంలో, తక్కువ నష్టంతో పని ముగుస్తుంది. ముదిరి గోధుమరంగు, ఆపైన నలుపు తిరిగిన కటకానికి ఎన్నో రెట్లు శక్తి వాడాలి. వైద్య విధానం మారినా, దానితో పాటు చెప్పాల్సిన సలహా మారిందని మనవాళ్ళకు గట్టిగా చెప్పినవారు తక్కువ.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ 1996 నుంచి 2000 వరకు 10 వేలకు పైగా ప్రజలను పరీక్షించి జరిపిన సర్వేలో అంధత్వం 1.84 శాతంగా తేలింది. అందులో 44 శాతానికి కారణం శుక్లమే. 2015–19 జాతీయ సర్వేలో దేశంలో అంధత్వం 0.36 శాతానికి తగ్గిందని తేలింది. రెండు సర్వేల కొలమానాలు వేరు కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేతలు చేయకూడదు. కాని 50 ఏళ్ళు దాటినవారి అంధత్వంలో దాదాపు మూడింట రెండు వంతులకు ఆపరేషన్ చేయించుకోని శుక్లమే కారణమని ఆ రెండో సర్వే కూడా చెప్పింది.

దంతవైద్యుడి కుర్చీ నుంచి

ఫేకోను కనిపెట్టింది న్యూయార్క్ నేత్రవైద్యుడు చార్లెస్ కెల్మన్ (1930–2004). చిన్న కోతలోంచి కటకాన్ని బయటికి తేవడమెలా అన్న ప్రశ్నతో ఆయన చాలాకాలం కుస్తీ పట్టాడు. గిర్రున తిరిగే మరలు, చిదిమే పరికరాలు ప్రయత్నించి విఫలమయ్యాడు. పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి దంతవైద్యుడి దగ్గరకు వెళ్ళినప్పుడు, పంటిని కదిలించకుండా గార మాత్రం రాల్చే అతిధ్వని పరికరం ఆయన కంటపడింది. కావిట్రాన్ కంపెనీ ఇంజనీరు ఆంటన్ బాంకోతో కలిసి దాన్ని కంటికి పనికొచ్చేలా మార్చాడు. 1967లో తొలిసారి మనిషి కంటికి వాడాడు. అది ఎలాగూ తీసేయాల్సిన చూపులేని కన్ను. అయినా ఆ ఆపరేషన్ గంటల తరబడి సాగింది.

తొలి యంత్రాలు బరువైనవి. సర్జన్ చేత్తో పట్టుకునే హ్యాండ్‌పీస్‌లో అయస్కాంత క్షేత్రానికి సాగి కుంచించుకునే లోహపు రేకులు ఉండేవి. అవి వేడెక్కకుండా లోపల చల్లటి నీరు పారించాల్సి వచ్చేది. అంతకంటే పెద్ద ఇబ్బంది పద్ధతిలో ఉంది. కటకాన్ని కంటి ముందు గదిలోకి తెచ్చి, కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాకు అతి దగ్గరలో నలగగొట్టేవారు. కార్నియాలు వాచి తెల్లబడేవి. చాలామంది సర్జన్లు ఈ పద్ధతికి దూరంగా ఉండిపోయారు, వాళ్ళ అనుమానం అన్యాయమైనది కాదు.

ఫేకోను నిలబెట్టినవి యంత్రానికి బయట వచ్చిన మార్పులు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ తొలి కృత్రిమ కటకాన్ని అమర్చాడు. 1980 ప్రాంతంలో కంటిలోపలి పొరలను కాపాడే చిక్కటి జిగురు ద్రవం, సోడియం హయలురోనేట్, వాడుకలోకి వచ్చింది. 1980ల మధ్యలో హోవార్డ్ గింబెల్, థామస్ నాయ్‌హాన్ ఎవరికివారుగా కటకపు సంచి ముందుభాగాన్ని అంచు చిరగకుండా గుండ్రంగా చించే పద్ధతిని చూపించారు. ఆ గుండ్రని అంచు వల్లే కటకాన్ని సంచిలోనే ఉంచి, కార్నియాకు దూరంగా నలగగొట్టడం సాధ్యమైంది. 1984లో మడిచే సిలికాన్ కటకాలు రావడంతో చిన్న కోతకు నిజమైన అర్థం వచ్చింది. అంతవరకు 3 మిల్లీమీటర్ల కోతలోంచి పొర తీసి, గట్టి కటకం పట్టడానికి మళ్ళీ దాన్ని పెద్దది చేయాల్సి వచ్చేది.

మన దేశంలో ఫేకో 1990లలో విస్తరించింది. పక్కనే చెన్నైలో అమర్ అగర్వాల్ 1998లో, నీరు పంపే గొట్టాన్నీ కంపించే సూదినీ విడదీసి మరింత సన్నని కోతల్లోంచి చేసే ఫేకోనిట్ పద్ధతిని రూపొందించాడు. అలా విడదీసినప్పుడు కంటిలోకి నీరు చాలినంత రాదు. ఆ కొరత తీర్చడానికి నీటి సీసాలోకి గాలి పంపి ఒత్తిడి పెంచే ఏర్పాటునూ ఆ బృందమే తెచ్చింది. ఇప్పటి ఆధునిక యంత్రాల్లో నీటిని ఒత్తిడితో తోసే పంపుల వెనకున్న ఆలోచన ఇలాంటిదే.

హ్యాండ్‌పీస్ లోపల

ఇప్పటి హ్యాండ్‌పీస్‌కు గుండె పీజో స్ఫటికాల దొంతర. ఈ స్ఫటికాలకు విద్యుత్ ఇస్తే సాగుతాయి, దిశ మార్చి ఇస్తే కుంచించుకుంటాయి. సెకనుకు సుమారు 40 వేల సార్లు ఇలా జరుగుతుంది. స్ఫటికం కదలిక చాలా చిన్నది. దాన్ని టైటానియంతో చేసిన, ముందుకు పోయేకొద్దీ సన్నబడే కొమ్ము పెద్దది చేసి సూది మొనకు అందిస్తుంది. టైటానియంలో ధ్వని సెకనుకు సుమారు 5 కిలోమీటర్లు పోతుంది. 40 వేల కంపనాల దగ్గర తరంగం పొడవు 12 సెంటీమీటర్ల చిల్లర. అందులో సగానికి సరిపడేలా భాగాల పొడవు లెక్కగట్టితేనే అనునాదం కుదురుతుంది. హ్యాండ్‌పీస్ పొడవును డిజైనర్ తన ఇష్టంతో నిర్ణయించలేడు, భౌతికశాస్త్రమే నిర్ణయిస్తుంది.

సూది మొన ముందుకూ వెనక్కూ కదిలే దూరం గరిష్ఠంగా 100 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అంటే మిల్లీమీటరులో పదో వంతు. దూరం చిన్నదే గాని, ఆ లెక్కన మొన అత్యధిక వేగం సెకనుకు 12 మీటర్లు దాటుతుంది. దాని త్వరణం భూమ్యాకర్షణకు 3 లక్షల రెట్లు. కటకం ముక్క జడత్వం వల్ల అంత వేగంగా పక్కకు తప్పుకోలేదు, అందుకే నలుగుతుంది. మొన వెనక్కు వచ్చినప్పుడు ద్రవంలో సూక్ష్మమైన బుడగలు పుట్టి, మరుక్షణం కూలిపోతూ చుట్టూ తాకిడి పుట్టిస్తాయి. నేరుగా తగిలే దెబ్బ ఎంత పని చేస్తుంది, బుడగల తాకిడి ఎంత అన్న చర్చ పరిశోధకుల్లో చాలాకాలం నడిచింది. ఎక్కువమంది ఇప్పుడు నేరు దెబ్బకే పెద్ద వాటా ఇస్తున్నారు.

సూది కటకాన్ని తాకగానే దాని మీద భారం మారుతుంది, అనునాద పౌనఃపున్యం కొద్దిగా జరుగుతుంది. మంచి యంత్రం ఆ జరుగుదలను ఎప్పటికప్పుడు కనిపెట్టి విద్యుత్తును సరిచేసుకుంటుంది. అది చేయలేని యంత్రంలో సూది గట్టి ముక్క మీద నీరసపడుతుంది, లేదా అవసరం లేనిచోట విజృంభిస్తుంది. తెర మీద కనిపించే "పవర్ 60 శాతం" అన్నది నిజానికి మొన కదిలే దూరానికి కొలత, కంటికి అందిన మొత్తం శక్తికి కాదు. శిక్షణలో ఉన్నవారు మొదట తెలుసుకోవలసిన సంగతి ఇది.

ముందుకూ వెనక్కూ కొట్టే సూదిలో ఒక స్వాభావిక లోపం ఉంది. ముందుకు వచ్చిన ప్రతిసారీ అది ముక్కను దూరం నెడుతుంది. పీల్చే ఒత్తిడి దాన్ని దగ్గరకు లాగుతుంది. రెంటి మధ్యా ముక్క చిందులేస్తూ కార్నియా లోపలి పొరకు తగులుతుంది. 2006లో ఆల్కాన్ కంపెనీ తెచ్చిన మెలితిరుగుడు కంపనం ఈ సమస్యకు మంచి జవాబు. వంపు తిరిగిన సూది సెకనుకు 32 వేల సార్లు అటూఇటూ తిరుగుతుంది. ముక్కను నెట్టదు, రెండు దిశల్లోనూ కోస్తుంది. కోత దగ్గర సూది కాడ కదలిక తక్కువ కాబట్టి అక్కడ వేడీ తక్కువ. నా అంచనాలో ఫేకో సూది చరిత్రలో కంటికి అత్యంత మేలు చేసిన యాంత్రిక మార్పు ఇదే.

వేడి, కణాలు, సంచి

కంపించే లోహం రాపిడితో వేడెక్కుతుంది. సూది చుట్టూ సిలికాన్ తొడుగు, ఆ తొడుగుకూ సూదికీ మధ్య పారే ద్రవం దాన్ని చల్లబరుస్తాయి. ప్రవాహం ఆగిందంటే, చిక్కటి జిగురు ద్రవం సూదిలో అడ్డుపడినా, కోత మరీ బిగుతుగా ఉండి తొడుగు నొక్కుకుపోయినా, కొద్ది సెకన్లలోనే కోత అంచు కాలుతుంది. అక్కడి కొల్లాజెన్ ముడుచుకుంటుంది, గాయం మూతపడదు. కుట్లు వేయక తప్పదు, కంటి వంపు వంకరై చూపు తగ్గుతుంది. ఈ ప్రమాదాన్ని తగ్గించిన డిజైన్ సూత్రం సులువైనది: కంపనాన్ని ఎడతెగకుండా ఇవ్వకుండా, కొన్ని మిల్లీసెకన్లు ఇచ్చి కొన్ని మిల్లీసెకన్లు ఆపడం. 2001 తర్వాత వ్యాపించిన సూక్ష్మ పల్స్ పద్ధతుల్లో ముక్క నలిగే వేగం పెద్దగా తగ్గలేదు, వేడి మాత్రం బాగా తగ్గింది.

కార్నియా లోపలి వైపు ఒక్క వరుస కణాల పొర ఉంటుంది. పెద్దవారిలో చదరపు మిల్లీమీటరుకు సుమారు 2,500 కణాలు. ఇవే కార్నియాలోని నీటిని నిరంతరం తోడి పోస్తూ దాన్ని పారదర్శకంగా ఉంచుతాయి. చనిపోయిన కణం స్థానంలో కొత్తది పుట్టదు. సంఖ్య 500 సమీపానికి పడిపోతే కార్నియా ఉబ్బి మసకబారుతుంది. అప్పుడు దాత ఇచ్చిన కార్నియా తప్ప మార్గం ఉండదు. ముక్కల దెబ్బలు, ద్రవపు సుడులు, కంపనం వల్ల ద్రవంలో పుట్టే స్వేచ్ఛా రాశులు (ఫ్రీ రాడికల్స్), ఈ మూడూ ఈ కణాలను చంపుతాయి. హయలురోనేట్ జిగురు పొరలా కప్పి కాపాడటమే కాక ఆ స్వేచ్ఛా రాశులను కూడా పట్టుకుంటుంది. నల్లబడిన కటకానికి ఎక్కువసేపు కంపనం వాడాల్సి వస్తుంది కనుక, ఆలస్యంగా వచ్చిన రైతు కూలీ కంట్లో ఈ కణాల నష్టం ఎక్కువ.

కటకాన్ని మోసే సంచి వెనక గోడ నడుమ మందం 4 మైక్రాన్ల దరిదాపు. 100 మైక్రాన్లు కదిలే సూది దాని ముందు పని చేయాలి. అది చిరిగితే వెనకున్న జెల్లీ ముందుకు వస్తుంది, లేదా కటకం ముక్క వెనక్కి జారి రెటీనా మీద పడుతుంది. దాన్ని తీయడానికి రెటీనా సర్జన్ కావాలి. ఆయన లేని ఊళ్ళో ఇది జరిగితే కర్నూలు మనిషికి హైదరాబాదు, కడప మనిషికి తిరుపతి ప్రయాణమే గతి.

అర సెకనుకొకసారి మారే నీరు

కంటి ముందు గదిలో పట్టే ద్రవం పావు మిల్లీలీటరు. ఫేకోలో నిమిషానికి 30 మిల్లీలీటర్ల ప్రవాహం పెడితే, ఆ గదిలోని నీరంతా అర సెకనుకు ఒకసారి మారిపోతుంది. లోపలికి వచ్చేది, బయటికి పోయేది ఒక్క క్షణం తేడా పడినా గది కుప్పకూలుతుంది. ఫేకో భద్రతలో సగం ఈ నీటి లెక్కే. సూది గురించి రాసినంతగా దీని గురించి రాయకపోవడం అన్యాయం.

అన్నిటికంటే భయపెట్టే క్షణం ముక్క సూదిలో ఇరుక్కుని ఒక్కసారిగా విడిపోయినప్పుడు వస్తుంది. ఇరుక్కున్నంతసేపూ పంపు లాగుతూనే ఉంటుంది, మెత్తని గొట్టం లోపలికి అణుగుతుంది. ముక్క విడిపోగానే ఆ గొట్టం తిరిగి ఉబ్బుతూ కంటిలోని నీటిని ఒక్క ఉదుటున లాగేస్తుంది. చేలో డ్రిప్పు పైపుకు అడ్డుపడిన మట్టిగడ్డ ఊడినప్పుడు నీరు ఎగిసిపడినట్టే, కాకపోతే ఇక్కడ పోటు కంటి లోపలి నుంచి బయటికి. సంచి వెనక గోడ ఎగిరి సూదికి తగిలేది అప్పుడే. దీన్ని అదుపు చేయడానికి గొట్టాలను బిరుసుగా, సన్నగా చేశారు. సూది పక్కన చిన్న రంధ్రం పెట్టి, మొన మూసుకున్నా కొద్దిగా ప్రవాహం సాగేలా చూశారు. పీల్చే ఒత్తిడిని మిల్లీసెకన్లలో కొలిచి పంపును వెనక్కి తిప్పే ఏర్పాట్లు వచ్చాయి. ఇటీవలి యంత్రాల్లో ఒత్తిడి కొలిచే సెన్సార్‌ను హ్యాండ్‌పీస్‌లోనే, కంటికి అతి దగ్గరగా అమర్చారు.

సీసా ఎత్తు గురించి ఒక మాట. ఒక మీటరు ఎత్తున వేలాడదీసిన సీసా, ప్రవాహం లేనప్పుడు, కంటిలో 70 మిల్లీమీటర్ల పాదరసానికి పైగా పీడనం కలిగిస్తుంది. ఆరోగ్యవంతమైన కంటి పీడనం 10 నుంచి 21. నీటికాసులు ఉన్న రోగికి, మధుమేహంతో రెటీనా దెబ్బతిన్న రోగికి ఇది మంచిది కాదు. కంటి పీడనాన్ని ముందే నిర్ణయించుకుని దానికి తగ్గట్టు నీటిని నడిపే యంత్రాలు 2013 తర్వాత వచ్చాయి. అవి ఈ లోటును చాలావరకు పూడ్చాయి.

సర్జన్ చేతులు రెండూ కంటి దగ్గర ఉంటాయి కనుక యంత్రాన్ని కాలితో నడుపుతాడు. పెడల్ మొదటి మెట్టులో నీరు మాత్రమే, రెండో మెట్టులో నీరూ పీల్చడమూ, మూడో మెట్టులో కంపనం కూడా. నీరు లేకుండా కంపనం రావడానికి వీల్లేని ఈ వరుస ఫేకో రూపకల్పనలో అతి గొప్ప భద్రతా నిర్ణయం. అలసిన కాలు పొరపాటు చేసినా, పెడల్ వదిలేస్తే అన్నీ వరుసగా ఆగుతాయి.

గట్టి కటకానికి వేరే దారులు

1993లో జపాన్ వైద్యుడు కునిహిరో నాగహారా ఫేకో చాప్ అనే పద్ధతి చూపించాడు. కటకంలో కంపనంతో గాడులు తవ్వడం మాని, దాన్ని సూదితో పట్టి నిలిపి, రెండో చేతి కొక్కెంతో చీల్చడమే అందులోని కిటుకు. గట్టి పని చేయి చేస్తుంది, అతిధ్వని ముక్కలను మింగడానికి మాత్రమే మిగులుతుంది. సంచి చూడటానికి వీల్లేనంత తెల్లబడిన పొరల్లో ట్రిపాన్ నీలం రంగు వేసి సంచిని నీలంగా చూపించే పద్ధతిని నెదర్లాండ్స్‌లో గెరిట్ మెల్లెస్ బృందం 1999లో ప్రకటించింది. ముదిరిన పొరలు ఎక్కువగా చూసే మన ఆసుపత్రులకు ఇది వరమైంది. ఇటీవల నిటినాల్ తీగ ఉచ్చుతో కటకాన్ని కంపనమే లేకుండా కోసే పరికరం కూడా వచ్చింది. ఫెమ్టోసెకండ్ లేజర్‌తో కటకాన్ని ముందుగా ముక్కలు చేసే ఖరీదైన పద్ధతి మీద ఫ్రాన్స్‌లో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మామూలు ఫేకో కంటే మెరుగని అవి చూపలేకపోయాయి. పేద జిల్లాల ఆసుపత్రులు దాని వెంట పరుగెత్తాల్సిన పని లేదు.

ఇక్కడే మాన్యువల్ చిన్న కోత పద్ధతి సంగతి చెప్పాలి. తెల్లగుడ్డులో 6, 7 మిల్లీమీటర్ల సొరంగం వంటి కోత చేసి, కటకాన్ని ముక్కలు చేయకుండా ఒకేసారి బయటికి జార్చే ఈ పద్ధతికి అతిధ్వని అక్కర్లేదు, కుట్టూ అక్కర్లేదు. నేపాల్‌లో సందుక్ రుయిత్ బృందం 2007లో ప్రకటించిన పరీక్షలో రెండు పద్ధతులూ దాదాపు సమానమైన చూపునిచ్చాయి. చేతి పద్ధతి త్వరగా, తక్కువ ఖర్చుతో అయింది. తమిళనాడులోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో దాదాపు 80 వేల ఆపరేషన్లను పరిశీలించినప్పుడు, శిక్షణలో ఉన్నవారి చేతుల్లో ఫేకోలోనే చిక్కులు ఎక్కువగా కనిపించాయి. నల్లబడిన కటకం, బలహీనమైన కార్నియా, చేయి తిరగని సర్జన్, ఈ మూడూ కలిసినచోట యంత్రం కంటే చేతి పద్ధతే సురక్షితం. "మిషను ఆపరేషనే చేయండి" అని రోగి పట్టుబట్టడం, దానికి ఆసుపత్రి తలొగ్గడం రెండూ కంటికి మేలు చేయవు.

బోరు నీళ్ళు, కరెంటు, కడిగే మనిషి

పరికరం బాగా తయారైతే చాలదు, బాగా కడగాలి. హ్యాండ్‌పీస్ లోపల సన్నని పొడవైన మార్గం ఉంది. అందులో కటకం తుక్కు, జిగురు ద్రవం ఎండిపోతే ఆటోక్లేవ్ క్రిములను చంపుతుంది గాని ఆ మురికిని తీయదు. తర్వాతి రోగి కంట్లోకి అది పోయి, క్రిమి లేకుండానే తీవ్రమైన వాపు తెస్తుంది. సీమలో చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఆ నీళ్ళతో కడిగితే మార్గం లోపల గార కడుతుంది. చివరి కడుగు శుద్ధి చేసిన స్వేదన జలంతోనే జరగాలి. ఒకసారి వాడి పారేయాల్సిన తొడుగులనూ గొట్టాలనూ ఖర్చు మిగలడానికి మళ్ళీ మళ్ళీ వాడటం మరో అపాయం. కాబట్టి సులువుగా విడదీయగలిగే, లోపలి మార్గం కంటికి కనిపించే, వందలసార్లు ఆటోక్లేవ్ తట్టుకునే పరికరాన్ని తయారుచేయడం ఇక్కడి డిజైనర్‌కు సూది మొన కోణమంత ముఖ్యమైన పని.

కరెంటు సంగతీ అంతే. కంపనం మధ్యలో వోల్టేజి పడితే పంపు ఆగుతుంది, గది కూలవచ్చు. యూపీఎస్ లేని ఫేకో బల్ల ఉండకూడదు. కటకం తీసే యంత్రాల భద్రతకు ఐఈసీ 80601-2-58 అనే ప్రత్యేక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మన దేశంలో ఇలాంటి పరికరాలు 2017 వైద్య పరికరాల నిబంధనల కిందికి వస్తాయి.

ఇక్కడి వ్యవస్థ, ఇక్కడే కావలసిన పని

ప్రభుత్వ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. 1994 నుంచి 2002 వరకు ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన శుక్ల నివారణ పథకంలోని ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కృత్రిమ కటకం అమర్చే ఆపరేషన్లు ప్రభుత్వ ఆసుపత్రులకు విస్తృతంగా చేరింది ఆ కాలంలోనే. 1992లో మదురైలో మొదలైన ఆరోల్యాబ్ సంస్థ కటకాలను దేశంలోనే తయారుచేసి ధరలను నేలకు దించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 అక్టోబరు 10న అనంతపురంలో కంటి వెలుగు కార్యక్రమాన్ని ప్రారంభించింది. కర్నూలులో 1957 నాటి వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. సీమ జిల్లాల వాళ్ళకే కాక గద్వాల, రాయచూరు వైపు వాళ్ళకూ అదే దిక్కు. కడపలో 2006లో రిమ్స్‌గా మొదలైన వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

కటకాల విషయంలో సాధించినది పరికరాల విషయంలో ఇంకా సాధించలేదు. భారతీయ కంపెనీలు ఫేకో యంత్రాలు తయారుచేస్తున్నాయి, చెన్నైకి చెందిన అప్పాసామి అందులో పేరున్నది. అయినా పై తరగతి యంత్రాలు, వాటి సూదులు, గొట్టాలు ఎక్కువగా విదేశీ కంపెనీలవే. అవి రూపుదిద్దుకున్నది పొర లేతగా ఉండగానే ఆసుపత్రికి వచ్చే దేశాల రోగుల కళ్ళను దృష్టిలో పెట్టుకుని. నల్లబడిన కటకం వాటికి అరుదైన కేసు, మన దగ్గర అది రోజువారీ పని. ఎండతో సంబంధముందని భావించే సూడోఎక్స్‌ఫోలియేషన్ అనే జబ్బు దక్షిణ భారతంలో కనిపిస్తుంది. అందులో కటకాన్ని పట్టి ఉంచే దారాలు బలహీనమై, కనుపాప చాలినంతగా విచ్చుకోదు. అలాంటి కంట్లో ఒత్తిడి తక్కువగా ఉంచి, కంపనాన్ని తక్కువ తక్కువగా ఇచ్చే యంత్రం కావాలి.

దాన్ని తయారుచేయడానికి కావలసినవి కొన్ని సీమలోనే, మిగతావి అందుబాటు దూరంలోనే ఉన్నాయి. కర్నూలు జగన్నాథగట్టు మీద డిజైన్, తయారీ కోసమే 2015లో మొదలైన ట్రిపుల్ ఐటీ డీఎం ఉంది. కడప జిల్లా ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది. వైద్య పరికరాలను తయారుచేసి పరీక్షించే మెడ్‌టెక్ జోన్ విశాఖలో ఉంది. వైద్యులూ ఇంజనీర్లూ కలిసి కంటి పరికరాలు రూపొందించే "సృజన" కేంద్రం హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ సంస్థలో పనిచేస్తూ దారి చూపించింది. కర్నూలు కంటి ఆసుపత్రి థియేటర్‌లో తీసిన నల్ల కటకాలను జగన్నాథగట్టు ప్రయోగశాలలో సూది మొనల కింద పెట్టి, ఏ కదలికకు, ఏ పల్స్‌కు, ఎంత వేడితో నలుగుతున్నాయో కొలిచే పని ఎవరైనా ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. ఇంజనీరింగ్ విద్యార్థులు ఒక్కరోజు ఆ థియేటర్‌లో నిలబడి చూడాలి, నేత్రవైద్యులు వాళ్ళను రానివ్వాలి. ఇది చదువుతున్న మీ ఇంట్లో 50 దాటి చూపు మసకబారినవారు ఉంటే, పొర పండేదాకా ఆగనివ్వకండి. ఈ సుగ్గి అయ్యేదాకా అని వాయిదా వేయకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.